క్రొయేషియా బంతికి ఉద్దానం జిగురు

ముందే ఒక మనవి. నాకు ఉన్నదున్నట్టు చెప్పడం చేతకాదు. చిన్నప్పుడు పెరట్లోకి పిల్లి వస్తే పులి వచ్చిందని వీధి వీధంతా పోగుచేసిన బాపతు నేను. మా ఆవిడ నేను చెప్పే ప్రతి లెక్కనీ మూడుతో భాగించి, వచ్చినదాంట్లో సగం నమ్ముతుంది. ఆ పద్ధతి మీదే మా సంసారం నిక్షేపంగా నడుస్తోంది. మీరూ అలాగే కానివ్వండి. కాకపోతే ఇప్పుడు చెప్పబోయే ఉపద్రవంలో భాగించడానికి ఏమీ లేదు. నా రెండు చేతులూ, మా రైల్వే డివిజన్లో అందరికంటే పెద్ద సాహెబుగారి రెండు చేతులూ పట్టపగలు, బ్యాండుమేళం సాక్షిగా ఒకే ముద్ద అయిపోయాయి. ఈ కథలో ఒక్క చోట మాత్రం అబద్ధం కలిపాను. ఎక్కడ కలిపానో చివర్లో చెబుతాను, ఈలోగా మీరు పట్టుకోగలిగితే పట్టుకోండి.

తొంభైల్లో మాట. మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. ఉద్దానం నుంచి మా తాత బొగ్గు ఇంజన్ల కాలంలో వచ్చి షెడ్డులో చేరాడు, ఆయన తర్వాత నాన్న అదే షెడ్డులో ఫిట్టరయ్యాడు. నేను పుట్టింది, పాకింది, పరీక్ష తప్పింది అన్నీ ఒకే క్వార్టర్లో. ఆ ఏడు దసరాలు వెళ్ళగానే నాన్న రిటైరు కావాలి. రైల్వేలో రిటైర్మెంటు ఎలా ఉంటుందంటే, ఒక చేత్తో మెడలో దండ వేస్తారు, రెండో చెయ్యి క్వార్టరు తాళం కోసం చాపుతారు. ఇంట్లో ఇంకొకరికి రైల్వే ఉద్యోగం ఉంటే ఆ చెయ్యి వెనక్కి వెళుతుంది. లేకపోతే కాలనీ బయట తోర్వాలో అద్దె గది. నాన్న అప్పటికే ఆదివారాలు స్కూటరేసుకుని తోర్వా వైపు వెళ్ళి గదులు చూసి వస్తున్నాడు. వచ్చి స్కూటరు తుడుచుకుంటూ కూర్చునేవాడు. అమ్మ మాత్రం పెరట్లో మల్లెపొద వైపు చూసి, దీన్ని డబ్బాలో పెట్టి తీసుకెళ్ళొచ్చా అని ఎవరినీ కాకుండా అడిగేది.

ఆ ఇంకొకరు నేనే. నా చదువు చూసి ఉద్యోగం ఇచ్చే శాఖ భారతదేశంలో ఇంకా ఏర్పడలేదు. మిగిలింది స్పోర్ట్స్ కోటా. క్రికెట్టుకి వెళితే క్యూ పక్క ఊరు తఖత్‌పూర్ దాకా ఉంది. హ్యాండ్‌బాల్ అనే ఆట ఒకటుందని మా కాలనీలో సగం మందికి తెలియదు కాబట్టి అందులో దూరాను. చేత్తో బంతి పట్టుకుని గోల్లోకి విసరడమే కదా, ఇందులో బ్రహ్మవిద్య ఏముందనుకున్నాను. ఉంది. బంతి నా చేతిలో నిలిచేది కాదు. ఒంటిచేత్తో అందుకుంటే, తడి సబ్బులా జారి పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయేది. ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా, నేను ఆడలేక బంతి జారుడు అనేవాణ్ణి.

మా జట్టులో వినోద్ దూబే అని ఒకడుండేవాడు. గార్డుగారి అబ్బాయి, మా పక్క క్వార్టరే. మా అమ్మ పెట్టిన చారన్నం తింటూ మా తెలుగు నేర్చుకున్నాడు. వాడు బంతి విసిరితే గోలుపోస్టు తప్పుకుని దారిచ్చేది. వాడి ఉద్యోగం ఖాయమని అందరికీ తెలుసు. ఒక్క నాదే గాల్లో ఉంది.

ఆ వేసవిలో మా జట్టుకి తర్ఫీదు ఇచ్చి, చివర్లో ట్రయల్స్‌లో మనుషుల్ని ఏరడానికి క్రొయేషియా నుంచి బ్రాంకో అనే ఆయన దిగాడు. ఆరడుగుల ఆరంగుళాల మనిషి. (దీన్ని మూడుతో భాగించకండి, చంకనెత్తుకునే బిడ్డ అయిపోతాడు.) క్రొయేషియా ఎక్కడుందో మాకు తెలియదు. మేం భూగోళం చదివినప్పుడు అది లేదు. భిలాయ్‌లో ఉక్కు కార్ఖానా కట్టిన రష్యావాళ్ళని చూసిన అలవాటు కొద్దీ కాలనీ అంతా ఆయన్ని రష్యావాడనే తీర్మానించింది. మా అమ్మ మొదటి రోజే ఆయన్ని బ్రాంకయ్యగారిని చేసేసింది.

బ్రాంకో తన కథని విరిగిన ఇంగ్లీషులో చెప్పేవాడు. నేను నా విరిగిన ఇంగ్లీషులో విని, హిందీలోకి మార్చి జట్టుకి వినిపించేవాణ్ణి. దారిలో కొంచెం బలిసేది. ఆయన పుట్టింది సముద్రపొడ్డున ఓడలు కట్టే ఊళ్ళో. తండ్రి ఓడల కార్ఖానాలో వెల్డరు, ఇల్లు కార్ఖానా క్వార్టరు. కార్ఖానాకి ఒక హ్యాండ్‌బాల్ జట్టు. పదిహేడో ఏట అందులోకి ఎక్కాడు, అక్కణ్ణించి జర్మనీ వెళ్ళి జీతానికి ఆడాడు. పొద్దున సాధన, సాయంత్రం సాధన, శనివారం మ్యాచ్, ఆదివారం మోకాలి మీద ఐసుముక్కలు పెట్టుకుని కప్పు చూస్తూ పడుకోవడం. జవానీ అంతా ఇదే డ్యూటీ. ముక్కు రెండుసార్లు విరిగిందట. మొదటిసారి వంకరైనదాన్ని రెండోసారి అవతలివాడు తిన్నగా చేసిపెట్టాడని ఆయనే నవ్వేవాడు. కుడిచేతి వేళ్ళు మునక్కాడల్లా ఒక్కోటి ఒక్కో దిక్కు చూసేవి. సొంత ఊరి మీద యుద్ధం వచ్చినప్పుడు ఆయన జర్మనీలో ఆడుతున్నాడు. మ్యాచ్ అవగానే చెమటైనా తుడుచుకోకుండా వెళ్ళి ఫోను దగ్గర నిలబడేవాడట, ఇంటికి లైను దొరికే దాకా. ఆ ఒక్క ముక్క నేను ఏమీ కలపకుండా చెప్పాను. చివరికి మోకాలు మొరాయించింది, ఆట మానేసి ఆట నేర్పడం మొదలుపెట్టాడు.

క్వార్టరు అన్న మాట విన్నప్పటినుంచీ ఆయన మీద నాకు మేనమామ మీద ఉండేంత ప్రేమ పుట్టింది. మీ ఊళ్ళో కూడా తండ్రి రిటైరైతే తాళం అడుగుతారా అని ఒకరోజు అడిగాను.

"అడుగుతారు," అన్నాడు బ్రాంకో. "నేను జట్టులో ఉన్నాను కాబట్టి మమ్మల్ని అడగలేదు."

నేను నోరు తెరవకముందే ఆయనకి నా సంగతి అర్థమైపోయినట్టుంది. నా భుజం మీద ఒకటి చరిచాడు. ఆ చరుపుకి ఒక గుంజీ తీశాను.

ఇక విపత్తుకి మూలం. ఆయన సంచిలో ఒక చిన్న రేకుడబ్బా ఉండేది. అందులో తేనెరంగు బంక, వాళ్ళ పైన్ చెట్లది. జీతానికి ఆడేవాళ్ళంతా వేలికొసలకి ఆ బంక రవ్వంత పూసుకునే బరిలోకి దిగుతారట. అది పూసుకుని బ్రాంకో బంతిని బోర్లా పట్టుకుంటే, గబ్బిలంలా వేలాడేది. ఆయన రోజూ ఒకే ఉపదేశం చేసేవాడు: పట్టుకోవడం ఎవరికైనా వస్తుంది, సమయానికి వదలడం వచ్చినవాడే ఆటగాడు. నేను మొదటి సగం విని, డబ్బా వైపు చూస్తూ అక్కడే ఆగిపోయేవాణ్ణి.

ట్రయల్స్ దగ్గరపడేసరికి డబ్బా అడుగంటింది. మనిషికి ఒక్క వేలికి సరిపడా ఇస్తానన్నాడు. నా చేతులకి ఒక వేలు బంక ఏ మూలకి? క్రొయేషియాలో చెట్లుంటే మాకు లేవా? ఛత్తీస్‌గఢ్ అడవుల నిండా సాలచెట్లు, ఆ సాలచెట్టు బంకే మనం ధూపం వేసుకునే గుగ్గిలం. వ్యాపార్ విహార్‌లో టోకు దుకాణానికి వెళ్ళి, యజ్ఞం చేసేవాడు కూడా కొననంత గుగ్గిలం కొన్నాను. అది చాలక మా ఇంట్లో ఇంకో ఆయుధం ఉంది. మావయ్య ఉద్దానం నుంచి తెలిసిన గార్డు చేత బ్రేకువ్యానులో పంపిన పనసకాయ. పనస జిగురు గురించి మీకు చెప్పాలా? ఉడుముకి పట్టు నేర్పింది అదే.

అమ్మ పేరంటానికి వెళ్ళిన సమయం చూసి పప్పుగిన్నె స్టవ్వెక్కించాను. గుగ్గిలం కరిగింది, పనస జిగురు కలిసింది. ఇల్లు సగం గుడిలా, సగం పనసతోటలా వాసన కొట్టింది. ఆ వాసన పట్టుకుని వినోద్ కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఏటి సేస్తన్నావు సూరీ, హల్వానా?"

"హల్వా కాదు. నౌకరీ."

పరీక్ష చేసి చూడాలి కదా. ఒక వేలు గిన్నెలో ముంచి స్టీలుగ్లాసుని తాకాను. గ్లాసు వచ్చింది. చెయ్యి విదిలించాను. రాలేదు. వినోద్ రెండు చేతులతో పట్టి లాగితే వాడూ, గ్లాసూ కలిసి గోడకి కొట్టుకున్నారు. ఇద్దరం ఆనందంతో గెంతాం. ఆ క్షణంలో మా ఇద్దరిలో ఒక్కడికైనా బుర్ర ఉండి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది.

అంతలో అమ్మ వచ్చింది. గిన్నె చూసింది, నన్ను చూసింది, మళ్ళీ గిన్నె చూసింది. తిట్టాల్సింది తిట్టాక, ఆఖర్న ఒకే ప్రశ్న వేసింది.

"నూని ఏసినావా ఇందులో?"

"నూనె వేస్తే జారిపోదా అమ్మా?"

"జారకపోతే ఎలగొదుల్తాదిరా? పనసకాయ కొయ్యాలంటే ముందు సేతికి నూని రాసుకోవాలని ఉద్దానంలో ఉయ్యాల్లో పిల్లకి తెలుసు. నీకు తెల్దేటి?"

తెలుసు. పుట్టినప్పటినుంచీ ఏటా చూస్తున్నాను. కానీ అమ్మకి హ్యాండ్‌బాల్ గురించి ఏం తెలుస్తుందని నవ్వుకున్నాను. నవ్వుకున్నవాడికి ఆ సాయంత్రమంతా గిన్నె తోమే పని పడింది. ఆ గిన్నె తర్వాత పప్పుకి పనికిరాలేదు.

ట్రయల్స్ రోజు పొద్దున్నే రైల్వే మైదానం నిండిపోయింది. మే నెల ఎండ. షామియానా కింద సోఫాలు, బ్యాండుమేళం, ఒక మూల బజ్జీలు వేసే భజియా బండి. పెద్ద సాహెబుగారు ఆట మధ్యలో వచ్చి ఆటగాళ్ళని పలకరిస్తారని కబురు. నాన్న డ్యూటీకి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో నిలబడ్డాడు. అమ్మ ఆడవాళ్ళలో ఉంది. నేను ఒక చెట్టు చాటున, వండిన జిగురు నింపుకున్న సీసా తీసి, పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు రెండు అరచేతులకీ దట్టంగా పట్టించాను.

ఆట మొదలైంది. వినోద్ బంతి విసిరాడు. ఒంటిచేత్తో అందుకున్నాను. జనం ఓహో అన్నారు. నా జీవితంలో ఆ ఒంటిచెయ్యి అందుకున్న మొదటి వస్తువు అది. రెండంగల్లో గోలు ముందుకి దూకి, గాల్లోకి లేచి, చెయ్యి వెనక్కి తిప్పి, బ్రాంకో నేర్పినట్టే విసిరాను. చెయ్యి వెళ్ళింది. బంతి వెళ్ళలేదు. వేసవి సెలవులకి వచ్చిన చుట్టంలా చేతిలోనే కూర్చుంది. దాని బరువుకి నేనే ముందుకి విసరబడి, గోల్‌కీపరు కాళ్ళ దగ్గర బోర్లా పడ్డాను.

హ్యాండ్‌బాల్‌లో బంతిని మూడు సెకన్లకి మించి చేతిలో ఉంచుకోకూడదు. బ్రాంకో ఈల వేసి, బంతి అవతలి జట్టుకి ఇచ్చెయ్యమన్నాడు. ఇస్తున్నట్టు చెయ్యి చాపాను. అవతలివాడు పట్టుకుని లాగాడు. బంతితోపాటు నేనూ వెళ్ళాను. వాడు ఇంకోసారి లాగాడు, ఇంకోసారి వెళ్ళాను. ఇద్దరం కలిసి బొంగరంలా తిరుగుతుంటే జనం ఇది కూడా ఆటలో భాగమేమోనని చప్పట్లు కొట్టారు. చివరికి ముగ్గురు లాగితే బంతి వదిలింది, నా అరచేతి తోలు కొంత గుర్తుగా తీసుకుని.

సరిగ్గా అప్పుడే బ్యాండు మోగింది. పెద్ద సాహెబు వచ్చారు. ఆట ఆపి అందర్నీ వరసలో నిలబెట్టారు. ఆయన ఒక్కొక్కరికీ షేక్‌హ్యాండ్ ఇస్తూ వస్తున్నారు. బంతినే వదలని చెయ్యి, సాహెబు చేతిని వదులుతుందా? నా ఉద్యోగం, నాన్న క్వార్టరు, అమ్మ మల్లెపొద వరసలో అడుగులేస్తూ నా వైపే వస్తున్నాయి. ఆ క్షణంలో నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నాకు వచ్చే మెరుపులాంటి ఆలోచనలన్నీ పిడుగుల్లాగే పడతాయి. షేక్‌హ్యాండ్ తప్పించుకోవడానికి, సాహెబు చెయ్యి చాపేలోగా రెండు చేతులూ జోడించి, వంగి నమస్కారం పెట్టేశాను.

సాహెబు సంతోషించి ముందుకి సాగారు. నేను చేతులు దింపబోయాను.

చేతులు లేవు. ఒకే చెయ్యి ఉంది. అది నమస్కారం ఆకారంలో ఉంది.

సాహెబు ఉపన్యాసం మొదలుపెట్టారు. క్రీడలు, క్రమశిక్షణ, సమయపాలన, మళ్ళీ క్రీడలు. పిల్లలంతా ఎండకి కాళ్ళు మార్చుకుంటున్నారు, చెవులు గోక్కుంటున్నారు. నేనొక్కణ్ణే చేతులు జోడించి, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని విగ్రహంలా నిలబడ్డాను. ముక్కు మీద ఈగ వాలినా చేతులు విప్పలేదు. సాహెబు చూపు మాటిమాటికీ నా మీదే ఆగుతోంది. అవతల నాన్న ఎవరితోనో మావాడే అని చెప్పుకుంటున్నాడు. ఆ గొంతులో అంత గర్వం అంతకుముందు విన్న గుర్తులేదు, ఆ తర్వాతా అంతగా లేదు.

ఉపన్యాసం ముగిసింది. సాహెబు తిన్నగా నా దగ్గరికి వచ్చారు.

"బస్ బేటా, హాథ్ నీచే కరో."

"నహీ సర్," అన్నాను. చేతులు దించమంటే ఇంకేమనగలను?

ఈ కాలంలో ఇంత వినయమా అని ఆయన కరిగిపోయారు. కరిగిపోయి, జోడించిన నా చేతుల్ని తన రెండు చేతుల మధ్య ఆప్యాయంగా పట్టుకున్నారు. ఆ ఎండలో నా సరుకు నాలుగు అరచేతుల చుట్టూ పొంగింది. ఫొటోగ్రాఫరు ఫొటో తీశాడు. సాహెబు నవ్వారు. కాసేపటికి ఆ నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు మారాయి. నా వైపు వంగి, వదలమని నెమ్మదిగా అన్నారు:

"బేటా, ఛోడో."

"సర్, పకడా తో ఆప్‌నే హై."

పట్టుకున్నది ఆయనే కదా మరి. ఆ తర్వాత జరిగింది నేను సగం కళ్ళు మూసుకుని చూశాను. ఆఫీసు హెడ్‌క్లర్కు బడాబాబు సాహెబు నడుం పట్టి లాగాడు, వినోద్ నా నడుం పట్టి లాగాడు. మేమిద్దరం ఊగామే గానీ విడలేదు. జనంలో నవ్వు మొదలైంది. నాన్న మాత్రం నవ్వలేదు. ఇస్త్రీ చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయి, చూపు నా మీంచి తీసి తోర్వా ఉన్న దిక్కుకి తిప్పుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా కొంత నయం, నాకు చేతులు అతుక్కున్నాక గానీ అమ్మ మాట గుర్తురాలేదు.

బ్రాంకో జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. మా చేతుల మీదికి వంగి, ఆ రెండుసార్లు విరిగిన ముక్కుతో వాసన చూశాడు.

"ఏ చెట్టు?" అన్నాడు.

"ఒకటి కాదు సార్. రెండు."

ఆయన భజియా బండి వైపు చెయ్యి చూపిస్తూ ఆయిల్, ఆయిల్ అంటున్నాడు. అదే సమయానికి ఆడవాళ్ళలోంచి మా అమ్మ నూనెడబ్బా పట్టుకుని వచ్చేస్తోంది. ఎవరైనా చెప్పేదాకా ఆమె ఆగలేదు, బండివాడి దగ్గర లాక్కుని వచ్చింది. ఒక పక్క అమ్మ, ఒక పక్క బ్రాంకయ్య, ఒకరి భాష ఒకరికి రాకుండానే, చంటిబిడ్డకి నలుగు పెట్టినట్టు మా నాలుగు చేతులకీ నూనె పట్టించి రుద్దడం మొదలుపెట్టారు. సాహెబు ఇబ్బందిగా కదిలారు.

"కదలకండి బాబూ," అంది అమ్మ. "పనస జిగురిది. గింజుకుంటే ఇంకా పడతాది."

డివిజనంతా ఎవరి మాటకి కదులుతుందో ఆయన, అమ్మ మాటకి కదలకుండా నిలబడ్డారు. ఒక్కో వేలూ విడివడింది. ఆయన తన చేతులు తిప్పి చూసుకున్నారు, లెక్క సరిపోయింది. వాసన చూసుకుని, పూజకి వెళ్ళొచ్చినట్టుందే అన్నారు. ముందు ఆయన నవ్వారు కాబట్టి తక్కినవాళ్ళంతా ధైర్యంగా నవ్వారు.

నా పని అయిపోయిందనుకుని చెప్పులేసుకోబోతుంటే బ్రాంకో చొక్కా పట్టుకుని ఆపాడు. నూనె ఓడుతున్న నా చేతుల్ని చూసి, వీటిలో ఈ రోజు ఏదీ నిలవదు, నిలవక్కర్లేని చోట పెడతాను పద అన్నాడు. తీసుకెళ్ళి గోల్లో నిలబెట్టాడు. గోల్‌కీపరు బంతిని పట్టుకోనక్కర్లేదు, అడ్డుపడితే చాలు. ఎదురుజట్టు తరఫున విసరమని వినోద్‌ని పంపాడు.

ఇక నా విజృంభణ చెప్పతరం కాదు. చిరుతపులిలా ఎడమకి దూకాను, కుడికి దూకాను. వినోద్ బంతులు నా కడుపుకి, తొడకి, చెంపకి, ఒకటి తిన్నగా ముక్కుకి తగిలి వెనక్కి పోయాయి. ఒక్కటంటే ఒక్కటి లోపలికి వెళ్ళలేదు. ఆట అయ్యేసరికి నా ఒళ్ళంతా బంతి అచ్చులే. బ్రాంకో నా ముక్కు అటూఇటూ తిప్పి చూసి, విరగలేదు, ఇంకా అవకాశం ఉందన్నాడు. నా పేరు ఎంపికైనవాళ్ళలో ఆఖర్న చదివారు. సాహెబు చేతులు జేబుల్లో పెట్టుకునే తల ఊపారు.

దసరా తర్వాత క్వార్టరు తాళం అడగడానికి ఎవరూ రాలేదు. మల్లెపొద పెరట్లోనే ఉండిపోయింది. నాకు పార్సిల్ ఆఫీసులో పోస్టింగు ఇచ్చారు. చేరిన రోజే నా చేతికి బంకసీసా ఇచ్చి, పెట్టెల మీద లేబుళ్ళు అతికించమన్నారు. దేవుడికి ఆపాటి హాస్యం ఉంటుంది. బ్రాంకో వెళ్ళేటప్పుడు ఆ రేకుడబ్బా మా అమ్మకి ఇచ్చి వెళ్ళాడు. ఏటా పనసకాయ కోసే రోజున చేతికి రాసుకునే నూనె అందులోనే పోస్తాం.

అప్పటినుంచీ వ్రతం పట్టాను. లేబుళ్ళు బ్రష్షుతోనే అతికిస్తాను, ఈ జన్మలో నా చేతికి ఏ చెట్టు బంకా తగలనివ్వను. తపాలాబిళ్ళ కూడా మా ఆవిడే అంటిస్తుంది. పెద్దవాళ్ళెవరైనా ఎదురైతే దూరం నుంచే తల వంచుతాను. నమస్కారం పెట్టను, ఒకవేళ పెడితే అరచేతుల మధ్య వేలెడు సందు ఉంచుతాను. నాకు పొగరని కొందరంటారు. అననివ్వండి.

ఇక ఆ అబద్ధం. సాహెబు చేతులు అతుక్కోవడమే అబద్ధమని మీరు పందెం కట్టి ఉంటే ఓడిపోయారు, అది అక్షరాలా నిజం. నేను కల్పించింది చిరుతపులిని. ఆ రోజు గోల్లో నేను ఎటూ దూకలేదు. మొదటి బంతికే కళ్ళు మూసేశాను. మరి అన్ని బంతులూ వచ్చి నాకే ఎందుకు తగిలాయో నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు, నా ప్రతిభే అనుకున్నాను. మొన్నామధ్య మా పెరట్లో టీ తాగుతూ వినోద్ మల్లెపొద వైపు చూసి, తన భుజం నిమురుకుంటూ అన్నాడు:

"జిందగీలో అంత కష్టపడి గురి పెట్టింది ఆ ఒక్క రోజే సూరీ. నువ్వేమో మజ్జిమజ్జిలో తప్పుకోడానికి సూసీవోడివి."